హైదరాబాద్ నుంచి తెప్పించలేదు

గోదావరిఖని
నవంబర్, సోమవారం

నా చేత్తో చేసినదాన్ని నిన్న మీ మందమర్రి మందిరం వరండాలో, సంఘమంతా చూస్తుండగా, హైదరాబాద్ బేకరీకి కట్టబెట్టావు. ఒక్క మాటతో. ‘హైదరాబాద్ నుంచి తెప్పించినం’ అన్నావు, నవ్వుకుంటూ, కొంగు సర్దుకుంటూ. నేను నీ వెనకే ఉన్నాను. విన్నాను.

ఫోన్ చేసి అడగొచ్చు కదా అనుకుంటావు. ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను మెత్తబడి ‘పోనీలే అక్కా’ అంటాను, సంగతి అక్కడే చచ్చిపోతుంది. అందుకే కాగితం. నర్సింగం కాక మందమర్రి నుంచి రోజూ మా గనికే డ్యూటీకి వస్తాడు కాబట్టి ఆయన చేతికిస్తున్నాను. దీన్ని చదివి ఎంత ఏడ్చినా నాకు వినపడదు.

కోతకాల పండుగ అంటే ఏంది అక్కా? పొలం ఉన్నవాళ్లు వడ్లు తెస్తారు. కోళ్లు పెంచేవాళ్లు పుంజును తెస్తారు. మాలాంటి క్వార్టర్ల వాళ్లు దడికి కాసిన సొరకాయో, ఇంట్లో చేసిన పిండివంటో తెస్తారు. ఎవరి చేతి కష్టంలో మొదటిది వాళ్లు దేవుని ముందర పెడతారు. ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఒక్కొక్కటి పైకెత్తి, ఇది ఫలానా వారి ప్రథమఫలం అని పేరు పిలిచి వేలం వేస్తాడు. ఇదంతా నాకు సండే స్కూల్లో చెప్పింది ఎవరు? నువ్వే. మరి బజార్లో కొన్నది ప్రథమఫలం ఎట్లయితది? నన్ను అబద్ధం చేసింది చాలక దేవునికి కూడా కొనుక్కొచ్చి పెట్టినట్టు చేశావు.

అది కేకు కూడా కాదు. వేలం అయ్యాక నీ మాట విని సంఘ పెద్ద కూడా ‘లిల్లీ టీచర్ గారి హైదరాబాద్ కేకు’ అని అరిచాడు. అది ‘చాక్లెట్ క్రీమ్ పై’ అనే మిఠాయి. అడుగున బిస్కెట్ గిన్నె, దాంట్లో దాల్చినచెక్క, లవంగం, మిర్చి వేసి చిక్కగా కాచిన చాక్లెట్, ఆ పైన గిలకొట్టిన మీగడ. ఆ మాట శనివారం పళ్లెం మీ ఇంటికి తెచ్చినప్పుడే నీకు చెప్పాను. నువ్వు వేలు పెట్టి నాకి, ‘దేవుడా, ఇది నువ్వు చేసినవారా’ అన్నావు. శనివారం నేను చేసినది ఆదివారానికి హైదరాబాద్ ఎట్ల పోయిందో చెప్పు.

దాన్ని పాడుకున్న ఆ తెల్ల చొక్కా పెద్దాయన ఎవరో నాకు తెలియదు. ఎవరు పాడినా చివరిదాకా వదల్లేదు. గెలిచాక అక్కడే ఒక ముక్క కోయించి తిని, ‘ఎవరు చేసిన్రమ్మా?’ అని నిన్ను అడిగాడు. ఆయన అడిగింది మర్యాదగా. చేసిన మనిషికి నాలుగు మంచి మాటలు చెప్పాలని అడిగాడు. ఆ మాటలు నావి. నువ్వు మింగేశావు.

ఆయన ఎవరైనా సరే, ఎక్కడుంటే అక్కడికి పోయి, ఇది మా తమ్ముడు చేసిండు అని చెప్పు. వచ్చే ఆదివారం లోపల చెప్పు.

యేసుకుమార్


మందమర్రి
నవంబర్ చివరి వారం

ప్రియమైన తమ్ముడికి,

నీకూ బాపుకూ ప్రభువు కాపుదల ఉండాలని కోరుకుంటూ అక్క రాసేది. చూశావా, నేను మాత్రం పద్ధతిగా మొదలుపెట్టాను. నీ ఉత్తరం మొదట మీ బావ చేతిలో పడింది. ఇమ్మాన్యుయేల్ గారు చదివి చదివి, ‘వీని కోపం మీద పాలు పెడితే పొంగుతయి’ అని నాకిచ్చి డ్యూటీకి వెళ్లిపోయారు. ఆయన నవ్వారు. నేను మాత్రం ఏడ్చాను. నీకు వినపడలేదు కాబట్టి రాస్తున్నాను.

ఆ తెల్ల చొక్కా పెద్దాయన పేరు యిర్మియా గారు. మన కంపెనీ ఆఫీసులో పాత గుమాస్తా. రిటైరయ్యాక కూడా కూతురి ఉద్యోగం వల్ల సెంటినరీ కాలనీలోనే ఉంటున్నారు. ఆయన మన మందిరానికి పండుగ చూడటానికి రాలేదు కుమార్, నిన్ను చూడటానికి వచ్చారు. చిన్న కూతురు గ్లోరియాకు నిన్ను అనుకుంటున్నారు. ముందే చెబితే నువ్వు తల దువ్వుకోకుండా, కావాలని పాత చొక్కాలో వస్తావని చెప్పలేదు. చెప్పకపోయినా పాత చొక్కాలోనే వచ్చావనుకో.

ఇప్పుడు అసలు మాట. ఆయన పెద్దల్లుడు బంగారం లాంటి ఉద్యోగం చేసేవాడు. వంట మీద మోజు. బాగా వండేవాడట కూడా. హోటల్ పెడతానని ఉద్యోగం వదిలేశాడు. అది మునిగింది. మనిషి తాగుడికి పడ్డాడు. పెద్దమ్మాయి పిల్లల్ని వెంటబెట్టుకొని పుట్టింటికి వచ్చింది, ఇప్పటికీ అక్కడే ఉంది. అప్పటి నుంచి గరిటె పట్టుకున్న మగవాడిని చూస్తే యిర్మియా గారికి భయం. ఆరాధనకు ముందు నన్ను పక్కకు పిలిచి, ‘పిల్లగాడు డ్యూటీ సక్కగ చేస్తడు కదమ్మా, వేరే పిచ్చిలేం లేవు కద’ అన్నారు. ఏం లేవండీ, డ్యూటీ, ఇల్లు, మందిరం అంతే అన్నాను. ఆరాధన కాగానే సంఘ పెద్ద వేలానికి నీ చాక్లెట్ పళ్లెం ఎత్తాడు. ఆయనే పాడుకున్నారు. ఆయనే అడిగారు. నా నోట్లోంచి హైదరాబాద్ వచ్చింది. ఆలోచించి చెప్పింది కాదు.

నీ మంచికే చెప్పానని నువ్వు నమ్మాలి. పిల్లను చూశావో లేదో, దవాఖానలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. మాట నెమ్మది. ఇట్లాంటి సంబంధం ఒక పళ్లెం మిఠాయి దగ్గర ఆగిపోవాలా?

వాళ్లకు నువ్వు నచ్చావు. జనవరిలో ప్రధానం పెట్టుకుందాం అన్నారు. ఒక చిన్న కోరిక కూడా అడిగారు. ప్రధానం రోజుకు ఆ ‘హైదరాబాద్ పై’ పెద్దది తెప్పించమన్నారు. చుట్టాలకు రుచి చూపించాలట. నువ్వు చేసిపెట్టు. మంచి బేకరీ డబ్బా నేను మంచిర్యాలలో తీసుకొని తెస్తాను. నువ్వు చేయడం, నేను సర్దడం. ఎవరికీ ఏమీ తెలియాల్సిన పని లేదు.

బాపుకు చలి తగలనీయకు. స్వెట్టర్ తొడగమను.

నీ అక్క
లిల్లీ


గోదావరిఖని
డిసెంబర్ మొదటి ఆదివారం

అక్కా,

డబ్బా తేవద్దు. తెస్తే పొయ్యిలో పెడతాను.

ఆయనకు పెద్దల్లుడి భయం ఉంది, సరే. ఆ భయం నిజమైనదే, నేను నవ్వడం లేదు. కానీ ఆ భయం చూసి నువ్వు కూడా భయపడ్డావు చూడు, అక్కడ నాకు మండుతోంది. నేను ఉద్యోగం వదిలేస్తానని నువ్వూ అనుకున్నావు. నన్ను అడిగావా? ఒక్కసారైనా, తమ్ముడూ నీ మనసులో ఏముంది అని అడిగావా? బాపు ఛాతీ పాడై అన్‌ఫిట్ అని కంపెనీ ఇంటికి పంపితే, కొడుకుగా నాకు వచ్చిన ఉద్యోగం ఇది. బాపు ఊపిరి నా ఉద్యోగం. దాన్ని నేను బిస్కెట్ల కోసం వదులుతానా? గనిలో బెల్టు కింద రాలిన బొగ్గును పారతో ఎత్తి మళ్లీ బెల్టు మీద పోయడం నా పని. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒక్క నాగా లేదు. జ్వరం వచ్చినా పోయాను. గని దగ్గర ఎవరిని అడిగినా చెప్తారు. యిర్మియా గారు పాత గుమాస్తా కదా, హాజరు అడిగి తెలుసుకోవడం ఆయనకు చేతకాదా? నువ్వు అబద్ధం చెప్పకపోతే ఆయనే అడిగి తెలుసుకునేవాడు.

నేను వంట ఎందుకు నేర్చానో నీకు గుర్తు లేదా, లేక మంచి సంబంధాల ముందు గుర్తుండకూడదా? అమ్మ పోయినప్పుడు అన్నం వార్చడం నాకు నేర్పింది నువ్వు. నువ్వు పెళ్లి చేసుకొని మందమర్రి పోయాక ఈ క్వార్టర్‌లో పొయ్యి ఎవరు ముట్టించారు? బాపు సెకండ్ షిఫ్ట్ పోయే రోజు డబ్బా ఎవరు కట్టారు? అప్పుడు నేను గరిటె పడితే ‘మా తమ్ముడు బంగారం’ అని చుట్టాలందరికీ చెప్పుకున్నావు. కూర వండితే బంగారం. చాక్లెట్ వండితే పిచ్చి.

ఈ పై నాకు ఎవరూ నేర్పలేదు. ఏదో దేశం ఆమె ఫోన్‌లో చేస్తుంటే చూశాను. ఆమె మాట ఒక్క ముక్క అర్థం కాలేదు, చేతులు చూశాను. ఆమెకు ఓవెన్ ఉంది. నాకు అల్యూమినియం గుండు గిన్నె, దాంట్లో పోసి కాగబెట్టే గోదావరి ఇసుక ఉన్నాయి. ఆమె ఊర్లో ఇల్లు కదలదు. ఇక్కడ మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు పేల్చే బ్లాస్టింగ్ అయితే గోడ మీద బాపు పెళ్లి ఫొటో కూడా గజ్జెకడుతుంది. మొదటి బిస్కెట్ గిన్నె అట్లే చీలింది. రెండోసారీ అట్లే. ఏం తప్పు చేస్తున్నానో తెలియక తల పట్టుకుంటే బాపు మంచంలోంచే ‘తప్పు నీది కాదురా, టైముది’ అన్నాడు. అప్పటి నుంచి బ్లాస్టింగ్ అయిపోయాకే గిన్నె పొయ్యెక్కుతుంది. మిర్చి వేయించే రోజు మాత్రం బాపు దగ్గుకుంటూ, ‘మసాలా అయితే నూరినవ్, కోడి ఏది మరి?’ అన్నాడు. తిన్నాక ఇంకో ముక్క పెట్టమన్నాడు.

నీకు హైదరాబాద్ పై కావాలా? నీ దగ్గర కరెంటు ఓవెన్ కూడా ఉంది. నువ్వే చెయ్. ఎట్ల చేయాలో రాస్తున్నాను, టీచర్‌వి కదా, చదువుకో.

మారీ బిస్కెట్లు పొడి కొట్టి, కరిగిన వెన్న, చిటికెడు ఉప్పు కలిపి అంచున్న స్టీలు పళ్లేనికి వత్తు. బొటనవేలితో వత్తు, గిన్నె అడుగుతో కాదు, అంచు సమంగా రాదు. కొంచెం రంగు మారేదాకా కాల్చి, పూర్తిగా చల్లారనీ. పాలల్లో దాల్చినచెక్క, లవంగం, ఇలాచి, నాలుగు మిరియాలు దంచి వేసి సన్న మంట మీద మరిగించి వడకట్టు. ఇంకో గిన్నెలో గుడ్డు పచ్చసొన, చక్కెర, కార్న్‌ఫ్లోర్, కోకో పొడి గడ్డలు లేకుండా కలుపు. వేడి పాలు దాంట్లో ధారగా పోస్తూ కలపాలి. దాన్ని పాలల్లో వేశావో, గుడ్డు పొరటు అవుతుంది. మళ్లీ పొయ్యి మీద పెట్టి, చేయి ఆపకుండా, గరిటె గీసిన గీత నిలిచేదాకా కలుపు. దించి నల్ల చాక్లెట్ ముక్కలు, వెన్న వేసి కరిగించు. మిర్చి ఆఖరున. వరంగల్ చపాట మిర్చి, గింజ తీసి, వేయించి, దంచి, వేలికొనతో తీసినంత. దానికి కారం తక్కువ, రంగు ఎక్కువ. అది నోట్లో కొరకదు. చాక్లెట్ గొంతు దిగిపోయాక, ఆలస్యంగా, ఛాతీలో వెచ్చగా తెలుస్తుంది. ఆ వెచ్చదనం కోసమే ఇదంతా. పళ్లెంలో పోసి, పైన మీగడ కట్టకుండా ప్లాస్టిక్ కవరు తగిలేటట్టు కప్పి ఫ్రిజ్‌లో పెట్టు. పాలాయన మిషన్ తిప్పి తీసిన చిక్కటి మీగడను మంచు ముక్కల మీద పెట్టిన గిన్నెలో గిలకొట్టు. చేయి నొప్పి పుడుతుంది. నొప్పి పుట్టాక ఇంకా గిలకొట్టాలి.

ఇంతే. ఇంత పనిని నువ్వు ఒక్క మాటతో పరాయి చేశావు.

యేసుకుమార్


మందమర్రి
క్రిస్మస్ అయిన తర్వాతి శనివారం

తమ్ముడూ,

చేశాను. నవ్వుకో.

చపాట మిర్చి ఇక్కడ దొరకలేదు. ఇంట్లో ఉన్న కూర కారమే వేశాను. దాల్చినచెక్క, లవంగం విడివిడిగా ఎవరు దంచుతారని, క్రిస్మస్ బిర్యానీకి తెచ్చిన మసాలా పొట్లం ఉంటే అది వేశాను. అన్నీ అందులో ఉంటాయి కదా అనుకున్నాను. దానిలో ధనియాలూ వెల్లుల్లీ కూడా ఉంటాయని చాక్లెట్‌లో కలిపాక వాసన వచ్చింది. పాలు ధారగా పోయలేదు, గుడ్డు పొరటు అయింది. మీ బావ ఒక స్పూన్ తిని, ఇంకో స్పూన్ తినకుండా పళ్లెం పక్కకు జరిపి, ‘ఎముక తగుల్తదేమో అని భయపడ్డ’ అన్నారు. గిన్నెడు మజ్జిగ తాగారు. నేను నీ దగ్గర కూర్చొని నేర్చుకోవాల్సిందని అప్పుడు అనిపించింది. ఎప్పుడూ అడగలేదు, నువ్వు అన్నది నిజమే. నీ పొయ్యి దగ్గరికి నేను రావడం మానేసి చాలా ఏళ్లయింది.

ఇంకో సంగతి నీకు చెప్పకుండా ఉండాలనుకున్నాను. కానీ నీకు వేరే చోట తెలిస్తే నన్ను క్షమించవు.

క్రిస్మస్ ముందు గ్లోరియా మా ఇంటికి వచ్చింది. పెద్దవాళ్లెవరూ లేకుండా, తనే బస్సెక్కి వచ్చింది. చీర రంగు అడగడానికి అంది. టీ తాగింది. చీర సంగతి ఒక్క మాటలో అయిపోయింది. తర్వాత కప్పు కింద పెట్టి, ‘అక్కా, ఆ పండుగ రోజు పళ్లెం మేమే ఇంటికి తీస్కపోయినం. బిస్కెట్ అంచంతా బొటనవేలి అచ్చులున్నయి. మిషన్ చేసింది కాదు. ఎవరు చేసిన్రు?’ అని అడిగింది. రక్తం చుక్కలో రోగం వెతికే పిల్ల. దానికి అంచు కనపడకుండా ఉంటుందా?

చెబుదామని నోరు తెరిచాను. ఆ వెనకే యిర్మియా గారి ముఖం మనసులో మెదిలింది. హైదరాబాద్‌లో ఒక చిన్న బేకరీ, అక్కడ చేత్తోనే చేస్తారు అన్నాను.

ఆ పిల్ల సంచి భుజాన వేసుకొని, ‘సరే అక్కా’ అంది. మరి అడగలేదు. వెళ్లేటప్పుడు గడప దగ్గర ఆగి, ‘మనిషి చేసిందైతే ఆ మనిషిని చూడాలనిపించింది, అంతే’ అంది.

ఇప్పుడు నా పరిస్థితి ఆలోచించు. తండ్రికి ఒకసారి, కూతురికి ఒకసారి చెప్పాను. ఇప్పుడు కాదంటే నన్ను ఏమనుకుంటారు? నేను స్త్రీల సమాజం కార్యదర్శిని. మందిరంలో తల ఎత్తుకోగలనా? ఆ ఇంట్లో నీకు నా మాట మీదే పిల్లనిస్తున్నారు. మాట పోతే సంబంధం పోతుంది. ప్రధానం జనవరి చివరి ఆదివారం అని ఖాయం చేశారు. నువ్వు ఒక్క పని చెయ్. ఇప్పుడు ఊరుకో. పెళ్లయ్యాక నీ ఇంట్లో, నీ పొయ్యి దగ్గర, నీ భార్యకు నువ్వే చేసిపెట్టు. ఆ రోజు నిజం దానంతటదే తెలుస్తుంది. కాపురంలో కలిసిపోతుంది. ఇంత చిన్నదానికి ఇంత పట్టుదల వద్దు కుమార్. నిన్ను పెంచినదాన్ని అడుగుతున్నాను.

లిల్లీ


గోదావరిఖని
జనవరి, ఆదివారం సాయంత్రం

అక్కా,

ఒకసారి చెప్పింది నోరు జారిన మాట. రెండోసారి చెప్పింది అబద్ధం. ఆ తేడా నీకు తెలుసు, అందుకే ఇన్ని రోజులు దాచావు.

‘ఇంత చిన్నదానికి’ అని రాశావు. చిన్నది కాదు. ఎందుకు కాదో చెప్తాను, ఈసారి అరవకుండా చెప్తాను.

గ్లోరియా నాకు కొత్త కాదు. నువ్వు రాసిన నాడు నేను ఊరుకున్నాను కానీ, ఆమెను నేను నిరుడే చూశాను. కంపెనీ వాళ్లు మా షిఫ్ట్ వాళ్లందరికీ ఒంటి పరీక్షలు చేయిస్తే నా రక్తం తీసింది ఆమే. బెల్టు కింద పార పట్టేవాణ్ణి, సూది చూసి ముఖం అటు తిప్పుకున్నాను. ‘ఇటు చూడకున్నా పర్వాలేదు, చెయ్యి మాత్రం గట్టిగ పెట్టకు’ అంది. నవ్వలేదు. వేరేవాళ్లయితే నవ్వేవాళ్లు. నా చేతి మీద పొయ్యి తగిలి కాలిన మచ్చ చూసి, గనిలో కాలిందా అని అడిగింది. ఇంట్లో, బిస్కెట్లు కాలుస్తుంటే అన్నాను. ఏం బిస్కెట్లు అని అడిగింది. చెప్పాను. వెనక లైన్ పెరిగిపోయి ఒకాయన అరిచేదాకా చెప్పాను. ఆమె విన్నది.

కాబట్టి అక్కా, ఆమెకు తెలుసు. మీ ఇంటికి వచ్చి నిన్ను అడిగినప్పుడు ఆమెకు జవాబు తెలుసు. తెలియక అడగలేదు. మీరు నిజం చెప్పే మనుషులా కాదా అని చూడటానికి అడిగింది. బస్సెక్కి అంత దూరం వచ్చింది అందుకు. నువ్వు హైదరాబాద్ చిన్న బేకరీ అన్నావు. ఆమె ‘సరే అక్కా’ అంది. ఆ ‘సరే’లో ఏముందో నీకు ఇప్పుడైనా తెలిసిందా? తన తండ్రి మోసపోవడం చూస్తూ నోరు మూసుకొని వెళ్లింది. ఇంకా ప్రధానం వద్దనలేదు. ఎందుకు అనలేదు? ఎవరైనా చెప్తారేమో అని చూస్తోంది. నేను చెప్తానో, నువ్వు చెప్తావో అని చూస్తోంది.

పెళ్లయ్యాక చేసిపెట్టమన్నావు. అంటే మొదటి రోజు నుంచి ఆమె తన తండ్రి దగ్గర నా పని దాచాలి. పండుగకు పుట్టింటికి పోతే నేను చేసింది డబ్బాలో సర్దుకొని పోవాలి. వాళ్ల అక్క ముందర, నాన్న ముందర, నేను కొన్నాను అనాలి. నాతో బతకడానికి ఆమె కూడా అబద్ధం నేర్చుకోవాలి. ఆ అమ్మాయి నచ్చలేదని కాదు నేను మొండికేసింది. నచ్చింది కనుకనే.

మరి నువ్వే పోయి చెప్పవచ్చు కదరా అంటావు. పోగలను. ఫస్ట్ షిఫ్ట్ దిగి బస్సెక్కితే చీకటి పడకముందే ఆ ఇంటి ముందుంటాను. కానీ నేను చెప్తే వాళ్లకు తెలిసేది ఒకటే, లిల్లీ టీచర్ అబద్ధాలు చెప్తుందని. నువ్వు చెప్తే వేరు. నువ్వు చెప్తే, తప్పు మాట అన్నది, ఆమే వచ్చి సరిచేసుకుంది అంటారు. మందిరంలో తల ఎత్తుకోవడం గురించి రాశావు. తల ఎత్తుకునే దారి నీకు అదొక్కటే, దాన్ని నేను తొక్కేయను. నువ్వు నన్ను పెంచావు. ఆ మాట నేను మరిచిపోలేదు కాబట్టే ఇంకా కాగితం మీద కొట్లాడుతున్నాను.

బాపుకు మొన్న అంతా చెప్పాను. దగ్గు తగ్గాక, ‘యిర్మియా నాకు తెల్సు. నేను అన్‌ఫిట్ అయిన నాడు నా కాగితాలు ఆయనే రాసిండు. నా ముందర కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. గసుంటి మనిషికి మనం కొన్నమని చెప్పినమా?’ అన్నాడు. అంతే. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నా కోపం కంటే ఆ మాట బరువు, అందుకే రాస్తున్నాను.

యిర్మియా గారి భయానికి నా దగ్గర జవాబు ఉంది. డ్యూటీ నేను వదలను. గరిటె కూడా వదలను. రెండూ చేయడానికి నాకు రెండు చేతులున్నాయి. పెద్దల్లుడు వంట వల్ల చెడలేదు, చేస్తున్న పనిని వదిలి, అది మునిగాక ఇంట్లో చెప్పుకోలేక చెడ్డాడు. దాచడం వల్ల చెడ్డాడు. ఆయనకు నేను ఇది ఎదురుగా కూర్చొని చెప్పగలను. ఆయన గంటసేపు తిట్టినా కూర్చొని వినగలను. ఆ తర్వాత పిల్లనివ్వను అంటే, నమస్కారం పెట్టి వస్తాను. అది ఆయన హక్కు. ఏమీ తెలియకుండా ఇవ్వడం మాత్రం ఆయన హక్కు కాదు, మన దొంగతనం.

ఇప్పుడు నాకు కావలసింది విను. మొదట అడిగిన దానికంటే ఎక్కువే అడుగుతున్నాను.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక నువ్వు సెంటినరీ కాలనీకి పోవాలి. బావను వెంటబెట్టుకో, కానీ మాట నువ్వే మాట్లాడాలి. తండ్రినీ కూతురినీ ఇద్దర్నీ కూర్చోబెట్టి, అది మా తమ్ముడు చేసిండు, నేను భయపడి అబద్ధం చెప్పిన అని చెప్పాలి. ఇద్దరి ముందర. విడివిడిగా కాదు, ఫోన్‌లో కాదు. ఏడిస్తే ఏడువు, కానీ ముందు చెప్పి తర్వాత ఏడువు.

వాళ్లు ఒప్పుకుంటే, ప్రధానానికి ముందు రోజు నేను డ్యూటీ దిగి నా గుండు గిన్నె, ఇసుక, చపాట మిర్చి తీసుకొని వాళ్లింటికే వస్తాను. వాళ్ల పొయ్యి మీదే చేస్తాను. యిర్మియా గారు కుర్చీ వేసుకొని ఎదురుగా కూర్చోవచ్చు. పాలు ఎప్పుడు పోస్తున్నానో, మిర్చి ఎంత వేస్తున్నానో చూడవచ్చు. నువ్వు నా పక్కన నిలబడి మీగడ గిలకొట్టాలి. చేయి నొప్పి పుట్టినా ఆపకూడదు. చుట్టాలు వచ్చి ఇది ఎక్కడిది అని అడిగితే, జవాబు నువ్వే చెప్పాలి.

ఇది నీ వల్ల కాదంటే అదీ రాయి. అప్పుడు గురువారం ఫస్ట్ షిఫ్ట్ దిగగానే బస్సెక్కి పోయి, ప్రధానం వద్దని నేనే చెప్పి వస్తాను. కారణం చెప్పను. నీ పేరు తీయను. నాకు ఇప్పుడే పెళ్లి వద్దు అంటాను. పిచ్చోడనుకుంటారు, అనుకోనీ. గ్లోరియా మాత్రం ఎందుకో తెలుసుకుంటుంది, ఆమెకు ముఖం చూపించలేక నేను తల దించుకొని వస్తాను. అది నువ్వు నాకు పెట్టే శిక్ష అవుతుంది, తెలిసి పెట్టు.

నర్సింగం కాక రేపు డ్యూటీ దిగి వచ్చి ఇది నీకు ఇస్తాడు. బుధవారం ఫస్ట్ షిఫ్ట్‌కు వచ్చేటప్పుడు నీ జవాబు ఆయన చేతిలో ఉండాలి. నేను దిగే ముందు గని మెట్ల దగ్గర ఆయన కోసం చూస్తాను. పెద్ద ఉత్తరం వద్దు, బాపు చలి సంగతి వద్దు. ‘పోతున్న’ అని రాయి, లేకపోతే ‘పోను’ అని రాయి. కింద నీ పేరు పెట్టు.

యేసుకుమార్